రైట్ బగ్‌ను ‘అరుదు’ అని పక్కన పెట్టకూడదు

ఫైల్ సిస్టమ్ కోడ్ మీద పని చేసేవారి మధ్య తరచుగా వినిపించే ఒక మాట నన్ను ఏళ్ల తరబడి బాధిస్తూనే ఉంది: "అది ఎప్పుడో గానీ రాదు, తర్వాత చూద్దాం." తెర మీద ఒక బటన్ పక్కకు జరిగితే ఆ మాట అనవచ్చు, ఎందుకంటే వాడేవాళ్లు దాన్ని చూస్తారు, విసుక్కుంటారు, ఫిర్యాదు చేస్తారు. వేరే కంప్యూటర్ మీది ఫైళ్లను వాడుకోనిచ్చే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ (ఎన్‌ఎఫ్‌ఎస్)లో వచ్చే రైట్ బగ్, అంటే డేటాను రాయడంలో జరిగే తప్పు, గురించి ఆ మాట అనకూడదని నా గట్టి అభిప్రాయం. అక్కడ తప్పు జరిగిన క్షణాన ఎవరికీ ఏమీ తెలియదు. ప్రోగ్రాముకు రాయడం పూర్తయిందనే జవాబు వస్తుంది, ఫైలు సైజు సరిగానే ఉంటుంది, తేదీ సరిగానే ఉంటుంది, లోపల ఉండవలసిన డేటా మాత్రం ఉండదు. ఎన్నిసార్లు ఎవరి కంటనైనా పడిందో ఆ లెక్కనే చూసి మనం దాన్ని అరుదు అంటున్నాం; ఎవరూ తెరవని ఫైళ్లలో అది ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టినవారు లేరు.

నేను పని చేసిన ఒకచోట ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ మీద ఉన్న ఒక డేటా ఫైలు పాడైందని మూడు వారాల తర్వాత తెలిసింది. అప్పటికి బ్యాకప్‌లన్నీ పాడైన ఫైలునే నమ్మకంగా దాచిపెట్టాయి. మొదట అందరూ ప్రోగ్రాము రాసిన అమ్మాయిని అనుమానించారు. నేను ఆ ఫైలును హెక్స్‌డంప్‌లో (బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపే పనిముట్టు) తెరిచి వరుసగా చూసుకుంటూ వెళ్తే, మొదట మామూలు రికార్డులు, ఆ తర్వాత ఒక్కసారిగా అన్నీ సున్నాలు, మళ్లీ ఒక రికార్డు మధ్యలో నుంచి మామూలు డేటా కనిపించాయి. సున్నాలు మొదలైన చోటు 12288వ బైటు, ముగిసిన చోటు 16384వ బైటు. అంటే 4096 బైట్ల పేజీలు (మెమరీని విభజించే ముక్కలు) మూడు దాటిన తర్వాత సరిగ్గా ఒక్క పేజీ మాయమైంది. ఆ ప్రోగ్రాము రికార్డు పొడవు 4096కు ఎక్కడా పొసగదు. పేజీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో దానికి తెలిసే అవకాశమే లేదు. పేజీల లెక్కన ఆలోచించేది ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగమైన కెర్నల్ ఒక్కటే. ఆ అమ్మాయి తప్పు లేదని నిరూపించడానికి నాకు ఒక మధ్యాహ్నం సరిపోయింది, అసలు తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి రెండు నెలలు పట్టింది.

అంత కాలం పట్టడానికి కారణం ఉంది. ఎన్‌ఎఫ్‌ఎస్ రెండో వెర్షన్‌లో ప్రతి రైట్‌నూ సర్వర్ శాశ్వతమైన చోట భద్రపరిచిన తర్వాతే జవాబివ్వాలి. పని నెమ్మదైనా లెక్క సులభం. 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1813 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చిన మూడో వెర్షన్ వేగం కోసం ఆ పనిని రెండుగా విడదీసింది. సర్వర్ డేటాను మెమరీలోనే ఉంచుకుని "అందింది" అనవచ్చు. తర్వాత క్లయింట్ (ఫైలును వాడుకునే కంప్యూటర్) కమిట్ అనే వేరే కోరిక పంపినప్పుడు దాన్ని డిస్కుకు చేర్చాలి. ఈ లోపల సర్వర్ రీబూట్ అయితే ఆ సంగతి క్లయింట్‌కు తెలియాలి కదా, అందుకని ప్రతి జవాబుతో పాటు వెరిఫయర్ అనే ఎనిమిది బైట్ల గుర్తు వస్తుంది. రైట్‌కు వచ్చిన గుర్తూ కమిట్‌కు వచ్చిన గుర్తూ వేరైతే, ఇంకా కమిట్ కాని డేటానంతా క్లయింట్ మళ్లీ పంపాలి. కాబట్టి కమిట్ ముగిసేదాకా ఆ పేజీలను వదలకూడదు. పైగా 8192 బైట్లు పంపితే సర్వర్ 4096 మాత్రమే తీసుకున్నానని చెప్పవచ్చు. మిగిలినవి పంపే బాధ్యత క్లయింట్‌దే. ఇన్ని షరతులూ ఒకేసారి ఎదురయ్యే రోజు ఏడాదికి ఒకసారి రావచ్చు. ఆ రోజు కోసమే కదా ఈ నియమాలన్నీ రాసింది!

ఇలాంటి బగ్గులను ఎలా వెతకాలో చూపిన ఉదాహరణగా నేను ఎప్పుడూ 2001 డిసెంబరులో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో జరిగిన పనినే చెబుతాను. ఆవీ టెవానియన్ రాసిన ఎఫ్‌ఎస్‌ఎక్స్ అనే చిన్న పరీక్షా ప్రోగ్రామును ఆపిల్ నుంచి జోర్డాన్ హబ్బర్డ్ అక్కడికి తెచ్చారు. అది చేసేది చాలా మామూలు పని: ఒకే ఫైలును తీసుకుని, యాదృచ్ఛికంగా ఎంచుకున్న చోట్ల చదవడం, రాయడం, ఎంమ్యాప్ ద్వారా (ఫైలును మెమరీలో భాగంగా చూపించుకుని) రాయడం, ట్రంకేట్ చేయడం (ఫైలు పొడవును మార్చడం), ప్రతిదాన్నీ మెమరీలో ఉంచుకున్న తన నకలుతో సరిచూడడం. ఒక్క బైటు తేడా వచ్చినా ఆగిపోయి, అంతవరకూ చేసిన పనుల పట్టీని బయటపెడుతుంది. దాని ధాటికి ఫ్రీబీఎస్‌డీ ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ నిలబడలేకపోయింది. ఫ్రీబీఎస్‌డీ డెవలపర్ మాథ్యూ డిల్లన్ కూర్చుని ఒకదాని వెనుక ఒకటిగా బగ్గులను సరిచేశారు. ఆ సవరణలు 2002 జనవరిలో వచ్చిన 4.5 విడుదలకు అందాయి.

వాటిలో ఒక్కదాన్ని కొంచెం దగ్గర నుంచి చూడండి. 10000 బైట్ల ఫైలును 5000కు ట్రంకేట్ చేశారనుకుందాం. రెండో పేజీ 4096 నుంచి 8191 దాకా ఉంటుంది. అందులో 4999 వరకు ఉన్నవి నిజమైన డేటా, మిగతావి ఇప్పుడు సున్నాలు కావాలి. ఎన్‌ఎఫ్‌ఎస్ బఫర్ (డేటాను తాత్కాలికంగా ఉంచే మెమరీ చోటు) 8192 బైట్లదైతే అదొక్కటే రెండు పేజీల మీద పరుచుకుని ఉంటుంది, ఫైలు కొత్త చివర దాని మధ్యలో పడుతుంది. ఇప్పుడు పాత బఫర్లను ఖాళీ చేయాలి, కొత్త సైజును నమోదు చేయాలి. ఏది ముందు? బఫర్లను ముందు ఖాళీ చేస్తే, ఆ పని చేస్తున్న కోడే మధ్యలో సైజును తిరిగి పాత విలువకు మార్చేయగలదు. అందుకని కొత్త సైజును ముందు నమోదు చేయాలి. మార్పు చూస్తే కోడ్ వాక్యాల క్రమం మారినట్టే ఉంటుంది, కానీ ఆ క్రమమే ఎందుకు సరైనదో తెలుసుకోవడానికి వర్చువల్ మెమరీ కోడ్ నుంచి సర్వర్ జవాబును చదివే కోడ్ దాకా అంతా తలలో పెట్టుకోవాలి. అదే సందర్భంలో బయటపడిన మరో బగ్గులో, ఎంమ్యాప్, ట్రంకేట్ కలిసినప్పుడు, ఇంకా డిస్కుకు చేరని డేటా మీద ఉన్న డర్టీ గుర్తును సిస్టమ్ తుడిచేసేది. గుర్తు పోతే ఆ పేజీని ఎవరూ రాయరు. నా ఫైలులో మాయమైన పేజీ కూడా ఇలాగే పోయింది.

నా ఫిర్యాదు ఇక్కడే ఉంది. ఇలాంటి పనికి మన ఆఫీసుల్లో విలువ లేదు. రెండు నెలలు కష్టపడి ఐదు లైన్లు మార్చినవారిని రివ్యూలో "ఈ క్వార్టర్‌లో ఏం చేశారు?" అని అడుగుతారు. "మళ్లీ రప్పించి చూపించు, లేకపోతే టికెట్ మూసేస్తాం" అంటారు. రెండు ప్రాసెసర్లు, ఒక సర్వర్ రీబూట్, ఒక ట్రంకేట్ ఒకే క్షణంలో కలిస్తే వచ్చే బగ్గును అడిగినప్పుడల్లా ఎవరూ చూపించలేరు. టికెట్ మూసినంత మాత్రాన పోయిన పేజీ తిరిగి రాదు. హైదరాబాదులోనూ బెంగళూరులోనూ స్టోరేజ్ కోడ్ మీద పని చేస్తున్న మనవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. డేటా పోగొట్టే బగ్ తెరిచి ఉండగా ఆ కోడ్‌లో కొత్త ఫీచర్ చేర్చకూడదని నియమం పెట్టే ధైర్యం మేనేజర్లకు ఉండాలని నేను కోరుకుంటున్నాను.

అప్లికేషన్లు రాసేవారి బాధ్యత కూడా కొంత ఉంది. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో డిస్కు నిండిపోయిందనో కోటా దాటిందనో ఎర్రర్ కొన్నిసార్లు ఫైలును క్లోజ్ చేసేటప్పుడు గానీ రాదని మాన్యువల్ పేజీలోనే రాసి ఉంది. అయినా క్లోజ్ ఇచ్చిన జవాబును చూడని కోడ్ రోజూ కనిపిస్తూనే ఉంటుంది. సాఫ్ట్ మౌంట్ (సర్వర్ జవాబివ్వకపోతే కొంతసేపటికి ప్రయత్నం మానుకునే ఏర్పాటు) వల్ల కొన్ని సందర్భాల్లో డేటా చప్పుడు లేకుండా పాడవుతుందని కూడా మాన్యువలే హెచ్చరిస్తోంది.

ఆ రెండు నెలల పని చివరికి ఎలా ముగిసిందో కూడా చెబుతాను. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌ను పెద్ద ఫైలు మీద వారాల తరబడి నడిపినా ఏమీ దొరకలేదు. ఫైలును రెండు పేజీలకు కుదించి, పనులన్నీ ఒకే సరిహద్దు దగ్గర గుమిగూడేలా చేసి, మధ్యమధ్యలో సర్వర్‌ను రీబూట్ చేస్తూ నడిపితే మూడో రాత్రి తెల్లవారుజామున ఆగిపోయింది. తెర మీద సీడ్ సంఖ్య (అవే యాదృచ్ఛిక ఎంపికలను మళ్లీ రప్పించే సంఖ్య) ఉంది. అదే సీడ్‌తో మళ్లీ నడిపితే మళ్లీ అక్కడే ఆగింది. సవరణ చేశాక ఆగకుండా నడిచింది. ఆ సంఖ్యను పరీక్షల పట్టీలో మొదటి వరుసలో చేర్చి, దాని పక్కన ఆ ఫైలు పేరు రాసిపెట్టాను.