ముందు మైదానం ఇవ్వండి

క్రికెటర్లు తిరుమలకు వస్తే మా పేజీల్లో ఫొటో తప్పదు. రంగనాయకుల మండపంలో వేదాశీర్వచనం, శేషవస్త్రం, తీర్థప్రసాదాలు, బయటికి రాగానే సెల్ఫీల కోసం తోపులాట. జనం చూస్తారు, మేం వేస్తాం. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఆ ఫొటో చూసి తిరుపతిలో ఓ పదేళ్ల పాప 'నాన్నా, నేనూ క్రికెట్ ఆడతా' అంటే ఆ నాన్న ఆమెను ఎక్కడికి తీసుకెళ్లాలి? భారత మహిళా క్రికెట్ జట్టు మాజీ కెప్టెన్ మిథాలీ రాజ్ జీవితం తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద ప్రశ్నో అర్థమవుతుంది.

మిథాలీ 1982లో జోధ్‌పూర్‌లో ఓ తమిళ కుటుంబంలో పుట్టారు. తండ్రి వైమానిక దళంలో పనిచేశారు. పెరిగింది సికింద్రాబాద్‌లో. పొద్దెక్కేదాకా నిద్రపోయే కూతురి అలవాటు మాన్పించడానికి ఆయన కొడుకుతో పాటు ఆమెనూ క్రికెట్ శిబిరానికి తీసుకెళ్లేవారు. అప్పటికి ఆమెకు భరతనాట్యం మీదే మనసు. బౌండరీ దగ్గర కూర్చుని హోంవర్క్ చేసుకునే ఆ పిల్ల సరదాగా ఆడిన నాలుగు బంతులు అక్కడి కోచ్ కంట్లో పడ్డాయి. ఆ తర్వాత సంపత్ కుమార్ అనే గురువు ఆమెను స్కూలు వరండాలో నిలబెట్టి బ్యాటింగ్ చేయించారని చెబుతారు. రెండు వైపులా గోడలు. బంతి గోడకు తగలకుండా తిన్నగా వెళ్లాలి. తర్వాత ప్రపంచమంతా మెచ్చిన ఆ స్ట్రెయిట్ బ్యాట్ అక్కడ పుట్టింది. (వరండా ఉంటే చాలు, మైదానం దేనికని మన అధికారులు అనకుండా ఉంటే అదే పదివేలు.)

తిరుపతిలో భరతనాట్యం నేర్చుకునే ఆడపిల్లలకు కొదవ లేదు. ఎస్వీ సంగీత, నృత్య కళాశాల ఉంది. పేటపేటకూ నాట్యం నేర్పే టీచర్లున్నారు. ఉత్సవాలొస్తే వేదికలున్నాయి, చప్పట్లు కొట్టే జనం ఉన్నారు. అందుకే కూతురిని నాట్యానికి పంపేటప్పుడు ఏ తండ్రీ రెండోసారి ఆలోచించడు. క్రికెట్ దగ్గరికి వచ్చేసరికి ఆ గురువూ లేడు, ఆ వేదికా లేదు. మన పిల్లల్లో ప్రతిభకేం లోటు లేదు. వాళ్లను చూసే కళ్లు ఉండే చోటే లేదు.

మిథాలీ రికార్డులు చాలామందికి తెలిసినవే. 1999లో పదహారేళ్ల వయసులో ఐర్లాండ్‌పై తొలి వన్డేలోనే 114 నాటౌట్. 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్‌పై 214. మహిళల టెస్టుల్లో అప్పటికి అదే అత్యధిక స్కోరు. మొత్తం 232 వన్డేల్లో 7,805 పరుగులు, సగటు 50.68. ఇన్ని పరుగులు మహిళల వన్డేల్లో మరెవరూ చేయలేదు. ఈ అంకెల కన్నా, వాటిని ఆమె ఎలాంటి పరిస్థితుల్లో సాధించారన్నది ఎక్కువగా చెప్పుకోవాల్సిన విషయం. జనరల్ బోగీల్లో ప్రయాణాలు, డార్మిటరీల్లో బస. 2005 ప్రపంచకప్‌లో ఆమె కెప్టెన్సీలోనే భారత్ తొలిసారి ఫైనల్ చేరింది. ఆ టోర్నీకి మ్యాచ్‌కు వెయ్యి రూపాయలు ఇచ్చారని ఆమే ఓ ఇంటర్వ్యూలో చెప్పారు. మహిళా క్రికెట్ బీసీసీఐ గొడుగు కిందికి వచ్చింది 2006లో. అంతవరకు ఈ అమ్మాయిల ఇంట్లో పొయ్యి వెలిగించింది ఎక్కువగా రైల్వే ఉద్యోగాలే. మిథాలీ కూడా రైల్వేస్‌కే ఆడారు. స్పోర్ట్స్ కోటా అంటే మనకు చులకన గానీ, ఆ జీతమే లేకపోతే ఈ 23 ఏళ్ల కెరీర్ ఉండేదా అన్నది అనుమానమే.

ఆమె ఆటలో లోపాలు లేవని మేం అనడం లేదు. చివరి ఏళ్లలో ఆట వేగం పుంజుకుంది, ఆమె బ్యాట్ అంత వేగం అందుకోలేకపోయింది. స్ట్రైక్ రేట్ (వంద బంతులకు చేసే పరుగులు) మీద వచ్చిన విమర్శల్లో కొంత నిజముంది. అయితే తను ఔటైతే వెనక ఆడేవాళ్లు లేని రోజుల్లో నేర్చుకున్న ఆట అది. 2018 టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆమెను బెంచ్ మీద కూర్చోబెట్టిన తీరు, తర్వాత జరిగిన రచ్చ ఎవరికీ గౌరవం తేలేదు. 2017 వన్డే ప్రపంచకప్ ఫైనల్ మాత్రం ఇప్పటికీ కలుక్కుమంటుంది. లార్డ్స్‌లో ఇంగ్లండ్‌పై 229 లక్ష్యం, ఒక దశలో మూడు వికెట్లకు 191. ఓడింది తొమ్మిది పరుగుల తేడాతో. ఆ ఓటమే మన ఇళ్లలో టీవీ ముందు జనాన్ని కూర్చోబెట్టిందన్నది వేరే సంగతి.

2022 మార్చిలో క్రైస్ట్‌చర్చ్‌లో దక్షిణాఫ్రికా చేతిలో ఆఖరి బంతికి ఓడిన మ్యాచే ఆమెకు చివరిది. అందులోనూ 68 కొట్టారు. జూన్‌లో రిటైరయ్యారు. అక్టోబరులో పురుషులతో సమానంగా మహిళలకు మ్యాచ్ ఫీజు ప్రకటించారు. మరుసటి మార్చిలో మహిళల ఐపీఎల్ లాంటి డబ్ల్యూపీఎల్ మొదలైంది. వంట పూర్తయ్యాక వండినావిడ విస్తరి దగ్గర్నుంచి లేచిపోయినట్టయింది. 2025 నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి భారత్ ప్రపంచకప్ గెలిచినప్పుడు, కెప్టెన్ హర్మన్‌ప్రీత్ బృందం ఆ కప్పును మైదానంలోనే మాజీ క్రీడాకారిణులు మిథాలీ, ఝులన్, అంజుమ్‌ల చేతుల్లో పెట్టింది. బోర్డులకు ఆలస్యంగా తట్టేది ఆటగాళ్లకు ముందే తడుతుంది.

ఆ జట్టులో మన సీమ పిల్ల ఉంది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది. రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు రెండున్నర కోట్లు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. మంచిదే, ఆమెకు అన్నీ దక్కాలి. కానీ ఇదంతా గెలిచి వచ్చాక ఇచ్చేది. గెలవకముందు, పేరు ఎవరికీ తెలియనప్పుడు, ఓ అమ్మాయికి కావాల్సింది దండ కాదు, బంతి. ఆ ఖర్చు చాలా చిన్నది. దానికి మాత్రం ఎవరి దగ్గరా పద్దు ఉండదు.

తిరుపతిలో ఆదివారం పొద్దున ఏ మైదానానికైనా వెళ్లి చూడండి. ఒకే స్థలంలో నాలుగైదు టెన్నిస్ బాల్ మ్యాచ్‌లు, ఒకరి ఫీల్డర్ మరొకరి పిచ్ మీద. అంతా మగపిల్లలే. వాళ్లనీ తప్పు పట్టలేం, వాళ్లకూ ఉన్నది అంతే. తారకరామా స్టేడియం పేరు చెబితే ఊళ్లో ఎక్కువమందికి గుర్తొచ్చేది రాజకీయ సభలే. సభ అయ్యాక గుంజలు పీకేస్తారు, గుంతలు మాత్రం ఎవరూ పూడ్చరు. చిత్తూరు మెసానికల్ మైదానం వైపు వెళ్లినా అమ్మాయిలు వాకింగ్ చేస్తూ కనిపిస్తారు గానీ ప్యాడ్లు కట్టుకుని కనిపించడం అరుదు. బట్టలు మార్చుకునే గది, శుభ్రమైన టాయిలెట్ లేనిచోట పదమూడేళ్ల కూతుర్ని రోజూ రెండు గంటలు వదిలిరావడానికి ఏ తల్లికైనా టెన్షనే.

దీనికి కొత్త స్టేడియం అక్కర్లేదు, శంకుస్థాపనలూ వద్దు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ప్రాంగణానికి గోడ ఉంది, గేటు ఉంది, రాత్రీపగలూ కాపలా ఉంది. తల్లిదండ్రులు అడిగే భద్రత అదే కదా! ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా ఊళ్లోని బడిపిల్లలకు అక్కడ నెట్స్ పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఆంధ్రా క్రికెట్ సంఘం ఓ మహిళా కోచ్‌ను ఇవ్వాలి. లెదర్ బంతులు, పిల్లల సైజు ప్యాడ్లు, ఒక మ్యాటింగ్ పిచ్ నగరపాలక సంస్థ భరించలేనంత ఖర్చేం కాదు. విద్యాసంస్థలు నడుపుతున్న టీటీడీ తన మహిళా కళాశాల మైదానాన్ని కూడా ఇందుకు తెరవొచ్చు. ఏటా వేసవి శిబిరాల ప్రకటనలో క్రికెట్ అని రాసి మగపిల్లలతో నింపేసే పద్ధతి మాని, ఈసారి అమ్మాయిలకు విడిగా ఓ బ్యాచ్ రాయించుకోవాలి. పాతికమంది వచ్చినా చాలు, సెలవులు అయిపోయాక కూడా ఆ బ్యాచ్‌ను ఎత్తేయకూడదు. కార్పొరేషన్ వచ్చే బడ్జెట్‌లో దీనికో పద్దు పెడుతుందా లేదా అన్నది కమిషనర్ ఇప్పుడే చెప్పొచ్చు.