వాట్లు చూసి రిసీవర్ కొనమనే సలహా గురించి

పండగ బేరాల కాలం వచ్చిందంటే మా హనుమకొండ, వరంగల్ వాట్సాప్ గ్రూపుల్లో హోమ్ థియేటర్ రిసీవర్ల మీద, అంటే సినిమా శబ్దాన్ని పెంచి స్పీకర్లన్నిటికీ పంచే పెట్టెల మీద, ఒక సందేశం మళ్లీ తిరగడం మొదలవుతుంది. అందులో ఉన్నవి నాలుగు మాటలు. వాట్లు ఎంత ఎక్కువైతే హోమ్ థియేటర్ అంత గొప్పగా ఉంటుంది. 8కె (4కె కన్నా ఇంకా స్పష్టమైన బొమ్మ) అని లేని రిసీవర్ కొంటే డబ్బు దండగ. ఛానెళ్లు, అంటే విడివిడిగా స్పీకర్లను నడిపే దారులు, పదకొండుకు తగ్గకూడదు. అమెరికా నుంచి తెప్పించుకుంటే చవక. లక్ష రూపాయల దాకా పెట్టే వస్తువును ఈ మాటలు నమ్మి కొనేస్తున్నారు కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

ముందు వాట్లు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 150 వాట్లు అని ఉంటుంది. మాన్యువల్ చివరి పేజీలు తిప్పితే ఆ అంకె ఎలా వచ్చిందో కనిపిస్తుంది: 6 ఓమ్‌ల లోడు (స్పీకరు విద్యుత్తుకు ఇచ్చే నిరోధం), 1 కిలోహెర్ట్జ్ స్వరం ఒక్కటే, నడుస్తున్నది ఒకే ఛానెల్, డిస్టార్షన్ (శబ్దం వికృతమవడం) 10 శాతం. పది శాతమంటే శబ్దం బొంగురుపోయాక తీసిన లెక్క. అదే యంత్రాన్ని 8 ఓమ్‌లకు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, అంటే చెవికి వినిపించే స్వరాలన్నిటితో, రెండు ఛానెళ్లూ నడిపి, 0.08 శాతం డిస్టార్షన్ దగ్గర కొలిస్తే 80 వాట్లు రావడం మామూలే. రెండూ అబద్ధాలు కావు. ఒక కంపెనీ 150ని ఇంకో కంపెనీ 80 పక్కన పెట్టి చూడటమే పొరపాటు.

పోనీ, నిజంగానే 80కి బదులు 150 వచ్చాయనుకుందాం. తేడా 3 డెసిబెళ్లు (శబ్ద తీవ్రత కొలత) కూడా ఉండదు. చెవికి శబ్దం రెట్టింపైనట్టు తోచాలంటే దాదాపు 10 డెసిబెళ్లు పెరగాలి, అంటే పది రెట్ల వాట్లు కావాలి. 88 డెసిబెళ్ల సెన్సిటివిటీ (ఒక్క వాట్‌కు మీటరు దూరంలో వినిపించే మోత) ఉన్న స్పీకరుకు ఒక్క వాట్ ఇస్తే, మూడు మీటర్ల అవతల సోఫా దగ్గర 80 డెసిబెళ్ల దరిదాపుల్లో వినిపిస్తుంది. ఆ మోతలో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి. పేలుళ్ల దగ్గర, డప్పుల దగ్గర క్షణకాలం పదుల వాట్లు కావాలి. అందుకు ఆ 80 చాలు. గుండెను అదరగొట్టే బేస్ సంగతంటారా, దాన్ని మోసేది సబ్‌వూఫర్, దానికి సొంత ఆంప్లిఫయర్ ఉంటుంది. నన్నడిగితే ఆ పైడబ్బు స్పీకర్ల మీద పెట్టమంటాను. 91 డెసిబెళ్ల స్పీకరు తెచ్చుకుంటే వాట్లు రెట్టింపు చేసుకున్నట్టే.

8కె గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. మన ఓటీటీల్లో తెలుగు సినిమా వచ్చేది 4కె వరకే. 8కె రిసీవర్లతో వచ్చే కొత్త కేబుల్ ప్రమాణం హెచ్‌డీఎంఐ 2.1 అవసరం గేమింగ్ కన్సోల్‌తో సెకనుకు 120 ఫ్రేములు ఆడేవారికి. వారు కూడా స్టిక్కరును నమ్మేయకూడదు: 2020లో 8కె అని అమ్మిన కొన్ని రిసీవర్లు చిప్ లోపం వల్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కన్సోల్ పంపే 4కె 120 ఫ్రేముల బొమ్మను చూపలేకపోయాయి. టీవీలోని యాప్‌లతోనే సినిమాలు చూసేవారు ఈ-ఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగ మీద రిసీవర్‌కు పంపే ఆర్క్‌కు కొత్త రూపం) ఉందో లేదో అడగడం మేలు. పాత ఆర్క్‌లోనూ ఓటీటీ అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) వస్తుంది కానీ, టీవీకి కలిపిన బ్లూరే ప్లేయర్ నుంచి ట్రూహెచ్‌డీ (నాణ్యత తగ్గించని శబ్దం) రావాలంటే మాత్రం ఈ-ఆర్క్ కావాలి.

ఛానెళ్ల దగ్గరికి వస్తే, మన హాళ్లలో సోఫా వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. వెనక స్పీకర్లు ఎక్కడ పెడతారు, తల మీదా? 5.1.2 అట్మాస్‌కు (ముందు మూడు, పక్కల రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, పైన రెండు) ఏడు ఛానెళ్ల రిసీవర్ సరిపోతుంది. అసలు చిక్కు గదిది. కింద టైల్స్, పైన స్లాబ్, చుట్టూ ఉత్త గోడలు. ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి, గది తిరిగి జవాబు చెబుతుంది. పదకొండు స్పీకర్లు అక్కడ మాటలను ఇంకా కలగాపులగం చేస్తాయి. ముందు తివాచీ, మందపాటి పరదాలు వేయాలి. తరువాత రిసీవర్‌తో వచ్చే చిన్న మైకును చెవుల ఎత్తులో స్టాండు మీద నిలిపి గదిని కొలిపించాలి, దాన్ని బట్టి రిసీవర్ శబ్దాన్ని సర్దుకుంటుంది. మే నెలైనా సరే, అప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపాల్సిందే, వంటింట్లో కుక్కర్ కూతలు అయిపోవాల్సిందే. చాలామంది ఆ మైకును పెట్టెలోంచి తీయనే తీయరు.

అమెరికా సరుకు ధర తక్కువన్నది చాలాసార్లు నిజమే. కానీ అది 120 వోల్టులకు చేసినది, మన ప్లగ్గులో 230 ఉంటాయి. నేరుగా పెడితే మొదటిరోజే కాలిపోవచ్చు. వోల్టులు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, చెడిపోతే ఇక్కడ వారంటీ వర్తించదు. పైగా పది కిలోల యంత్రం. ఇరవై మూడు కిలోల పెట్టెలో దాన్ని కుక్కి తెమ్మని అక్కడున్న పిల్లలను అడిగే ముందు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ధర కూడా కలిపి లెక్క వేసుకోండి.