స్విచ్ ఒకటి కాదండీ, రెండు

మీ వ్యాసం బాగుంది. కానీ ఈస్ట్‌లో డీఎన్‌ఏ కాపీ మొదలవడానికి ఒక కైనేజ్ (ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) స్విచ్ వేస్తే చాలు అని రాశారు, అక్కడ ఆగిపోయాను. సీడీసీ7 కైనేజ్ కణంలో ఎప్పుడూ దాదాపు ఒకే మోతాదులో ఉంటుంది. డీబీఎఫ్4 అనే ప్రొటీన్ వచ్చి అతుక్కుంటే గానీ పని చేయదు. ఆ డీబీఎఫ్4ను జీ1 దశలో, అంటే కాపీకి ముందు, కణమే ముక్కలు చేసి పారేస్తుంది, కాపీ జరిగే ఎస్ దశ దగ్గరపడ్డాక పోగవనిస్తుంది. అసలు కిటుకంతా అక్కడే. ఈ జంట ఎంసీఎం రింగుకి (డీఎన్‌ఏ పోగులను విడదీసే ప్రొటీన్ల చుట్టకి) ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. రెండో కైనేజ్ సీడీకే. అది ఎస్‌ఎల్‌డీ2, ఎస్‌ఎల్‌డీ3 ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తేనే అవి డీపీబీ11 అనే మరో ప్రొటీన్‌ను పట్టుకుంటాయి, అప్పుడే కాపీ మొదలవుతుంది. 2007లో తేలిన సంగతి ఇది. పైగా డీఎన్‌ఏ మీదికి కొత్త రింగులు ఎక్కకుండా అడ్డుపడేదీ సీడీకేనే, కాబట్టే ఒక కణ చక్రంలో ఒక్కటే కాపీ.

హైదరాబాద్‌లో పీజీ ప్రాజెక్టు రోజులు గుర్తొచ్చాయి. మే నెల, పై అంతస్తు ల్యాబ్. వేడెక్కితే సీడీసీ7 పని చేయని, 25 డిగ్రీల్లో ఉంచాల్సిన మ్యూటెంట్ ఈస్ట్ ఫ్లాస్కు బల్ల మీదుంది. కరెంటు పోయి నాలుగు గంటలు రాలేదు. మైక్రోస్కోప్‌లో చూస్తే కణాలన్నీ డంబెల్‌లా, తల్లి కణమంత మొగ్గ వేసుకుని బిగుసుకుపోయాయి. నాకు ఒకటే టెన్షన్. మా గైడ్ గారు తొంగిచూసి, "పారబోయకమ్మా, చల్లబరిచి చూడు" అన్నారు. సాయంత్రానికి చాలా కణాలు మళ్లీ విడిపోతున్నాయి!

డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు డీబీఎఫ్4ను, ఎస్‌ఎల్‌డీ3ని ఆపే ఆర్‌ఏడీ53 అనే కైనేజ్ గురించి కూడా వచ్చే భాగంలో రాయండి.