టీచరును కలగాపులగం చేస్తే హెక్టేరు కూడా వస్తుంది

ఈ వారంలో ఒకే సందేశం నా ఫోనుకు రావడం ఇది నాలుగోసారి. మొదట మా తోడల్లుడు పంపాడు. తర్వాత ఒంగోలులో నాతో పొద్దున నడకకు వచ్చే బ్యాంకు మిత్రుడు, ఆపైన నా పాత శిష్యుడు ఒకడు, నిన్న రాత్రి మా వియ్యంకుడు గారు. పైన ‘ఇంగ్లీషు అక్షరాల్లో దాగిన అద్భుత రహస్యాలు’ అని శీర్షిక, కింద దండం పెట్టే చేతులు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి చదివి మురిసిపోతాననుకున్నారు. వియ్యంకుడు గారికి ఎదురు చెప్పలేను, ఆయనకు తిరుగు దండం పెట్టి ఊరుకున్నాను. మిగతావాళ్లకు ఇదే జవాబు.

అందులో ఉన్నవి ఐదు ముక్కలు. లిసన్‌లోని అక్షరాలే సైలెంట్‌లోనూ ఉన్నాయి, మౌనంగా ఉంటేనే వినగలమని పూర్వీకులు కావాలనే అలా పెట్టారు అన్నది మొదటిది. దాన్ని చివరికి ఉంచుతాను. అక్కడ నా తప్పు కూడా కొంత ఉంది.

న్యూస్ అంటే నాలుగు దిక్కుల మొదటి అక్షరాలట. కాదు, కొత్త అనే మాటకు బహువచనం, అంతే. పాత పుస్తకాల్లో దాన్ని ఎన్, ఇ, డబ్ల్యూ, ఇ, ఎస్ అని రాసేవారు. ఆ రెండో ఇ ఏ తూర్పు?

ఐదు అచ్చులూ ఉన్న ఏకైక మాట ఎడ్యుకేషన్, కనుక చదువే సంపూర్ణమట. క్యాలీఫ్లవర్‌లో కూడా ఐదూ ఉన్నాయి. సంచీ పట్టుకుని కూరగాయల మార్కెట్‌కు వెళ్లండి, సంపూర్ణత్వం కిలోల లెక్కన దొరుకుతుంది.

టీచర్ అక్షరాలను అటూ ఇటూ మారిస్తే చీటర్ వస్తుందట, ‘ఆలోచించండి’ అని పక్కన కన్ను కొట్టే బొమ్మ. సరే, ఆలోచించాను. అవే ఏడు అక్షరాలతో హెక్టేర్ కూడా వస్తుంది. అంటే టీచరుకు పుట్టుకతోనే రెండున్నర ఎకరాలు రావాలి, నా వాటా ఎక్కడుందో చూపించండి. చీట్ అనే మాటకు మూలం ఎస్చీట్. వారసులు లేకుండా పోయినవాడి భూమి రాజుకో, పై భూస్వామికో చెందడాన్ని అలా అనేవారు. ఆ వంకతో అధికారులు జనం ఆస్తులు కాజేస్తుంటే మాటకు మోసమన్న అర్థం పట్టింది. కాబట్టి అది పుట్టింది బడిలో కాదు, భూముల లెక్కలు రాసేచోట. ఆ విషయం మీద ఇంతకంటే మాట్లాడను, నాకూ పాసుపుస్తకం పని ఉంది.

అసలు కోపం ఐదోదాని మీద. మొదటి అక్షరం, చివరి అక్షరం సరిగ్గా ఉంటే చాలు, నడుమవి ఎలా ఉన్నా మెదడు చదివేస్తుందని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం తేల్చిందట. 2003 సెప్టెంబరు నుంచి తిరుగుతున్న సరుకు ఇది. కేంబ్రిడ్జిలోనే మెదడు పరిశోధన చేసే మ్యాట్ డేవిస్, మా ఊళ్లో నాకు తెలియకుండా ఈ పరిశోధన ఎవరు చేశారా అని వెతికితే ఎవరూ చేయలేదని తేలింది. దీనికి దగ్గరగా ఉన్నది 1976లో నాటింగ్‌హామ్‌లో గ్రాహమ్ రాలిన్‌సన్ రాసిన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం. ఆ సందేశంలోని నమూనా పేరా కూడా గారడీయే. రెండు మూడు అక్షరాల మాటలకు మార్చడానికి ఏమీ ఉండదు, పెద్ద మాటల్లో చాలావరకు పక్కపక్క అక్షరాలే తారుమారు చేశారు. మరి దీన్ని చదవండి: జి, ఎన్, ఇ, ఎమ్, ఎన్, ఆర్, ఇ, వి, ఓ, టి. రెండు కొసలూ సరిగ్గానే ఉన్నాయి కదా, మెదడు చదవదేం? అది గవర్నమెంట్. తెలుగులో కావాలంటే ‘చీకుమర్తి’ అని బోర్డున్న బస్సెక్కి చీమకుర్తిలో దిగండి.

అలవాటైన కళ్లు ఇలాంటి తప్పులను కొంతవరకు దాటేస్తాయి, ఆ మాట నిజం. కానీ ఆ కళ్లు మనవి, ఆరో తరగతి పిల్లవాడివి కావు. టంగుటూరు వైపు ఒక బడిలో నేను పనిచేస్తున్నప్పుడు ఓ తండ్రి ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. ‘సార్, కేంబ్రిడ్జి వాళ్లే స్పెల్లింగ్ అక్కర్లేదంటున్నారు. మీరు మావాడికి మార్కులెందుకు కోశారు?’ పొగాకు రైతు, మంచి మనిషి. నేను కాగితాల కట్ట విప్పి వాళ్లబ్బాయి వ్యాసం తీశాను. బ్యారన్‌కు, అంటే పొగాకు కాల్చే కొట్టానికి, బి, ఏ, ఆర్, ఎన్ అని రాయాల్సినచోట ఏ, ఆర్ తారుమారై బ్రాన్, అంటే తవుడు, అయింది. ‘మీ అబ్బాయి ఏం రాశాడో తెలుసా? మా నాన్నకు రెండు తవుళ్లు ఉన్నాయి, వాటిలో పొగాకు కాలుస్తాడు అని.’ ఆయన కాసేపు ఆ కాగితాన్నే చూశాడు. తర్వాత, ‘తవుట్లో నిప్పు పెడితే గేదెలకేం వేస్తాం సార్’ అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. అదే కాగితంలో ఆ అబ్బాయి పొద్దున టిఫినుకు గడ్డం తిన్నాడు, రాత్రి పడుకునే ముందు పాలకేంద్రం రాసుకున్నాడు. బ్రెడ్, డైరీ అనుకోండి. కొసలన్నీ భేషుగ్గా ఉన్నాయి.

ఇక మొదటిది. వెయ్యేళ్ల కిందట లిసన్ హెచ్‌తో మొదలయ్యేది, అందులో టి లేనే లేదు. సైలెంట్ ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లకు లాటిన్ నుంచి వచ్చింది. ఆరక్షరాలూ కలిసిరావడం కాకతాళీయం. అవే అక్షరాలతో తళుకు కాగితానికి వాడే టిన్సెల్ కూడా వస్తుంది, దానికి ఏ నీతి కడతారు?

అయినా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఈ కట్టుకథను ఏటా జూన్‌లో నల్లబల్ల మీద రాసి, పూర్వీకులతో సహా, చెప్పినవాణ్ని నేనే. లిసన్‌లో టి ఎందుకు పలకదని ఒకమ్మాయి అడిగితే, ‘సైలెంట్ కదమ్మా, అందుకే’ అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాది పరీక్షల్లో ఆ టి ఒక్కరూ మరిచిపోలేదు. కాబట్టి ఆ ముక్క ఉంచుకోండి, పూర్వీకులను మాత్రం కొట్టేసి పంపండి.