నానో సీసాకు మన చెల్కల్లో పరీక్ష ఏది?

2025 వానాకాలంలో తెలంగాణ అంతటా యూరియాకు కటకట వచ్చింది. దక్షిణ జిల్లాల్లోనూ రైతులు సొసైటీల ముందు తెల్లారకముందే చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టి కాపలా కాశారు. అంతసేపు నిలబడి కౌంటర్ దాకా పోతే, బస్తాతో పాటు ఆకుల మీద కొట్టే ద్రవ ఎరువు నానో యూరియా సీసా కూడా కొనాలని లింకు పెట్టారని రైతుల ఫిర్యాదు. ఇది మన రాష్ట్రానికే పరిమితమైన గోల కాదు. ఇలా అంటగట్టడం ఆపాలని కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ అదే ఏడాది జులైలో రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది.

నానో టెక్నాలజీ మీద నాకు వ్యతిరేకత లేదు. పదార్థాన్ని మీటరులో వందకోట్లో వంతు కొలతల్లోకి తెస్తే దాని గుణం మారుతుంది. నీటిలోని ఆర్సెనిక్‌ను, పురుగుమందుల అవశేషాలను పట్టే ఫిల్టర్లను ఐఐటీ మద్రాసులో ఆ సూత్రంతోనే తయారుచేశారు. నా అభ్యంతరం ఒక్కటే. కొత్త సాంకేతికత పనిచేస్తుందో లేదో తేల్చే ఖర్చు రైతు జేబు నుంచి పోకూడదు.

లెక్క చూద్దాం. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోలకు పైనే. 2021లో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో తెచ్చిన అర లీటరు నానో సీసాలో ఉన్నది 4 శాతం, అంటే సుమారు 20 గ్రాములు. సీసా ఒక బస్తాకు సమానమన్నది అప్పటి ప్రచారం. నేలలో వేసిన యూరియాలో ఎక్కువ భాగం గాలికీ నీటికీ పోతుందని, ఆకు మీద కొడితే వృథా ఉండదని కంపెనీ వాదన. వృథా మాట నిజమే. కానీ బస్తాలో 70 శాతం పోయిందనుకున్నా పైరుకు ఆరు కిలోలు మిగులుతుంది. క్వింటా వడ్లు పండాలంటే పైరు ఒకటిన్నర నుంచి రెండు కిలోల నత్రజని తీసుకుంటుంది. 20 గ్రాములు ఎంత సమర్థంగా పనిచేసినా ఆ లోటు ఎట్లా పూడుతుంది? తర్వాత 20 శాతం నత్రజనితో కొత్త సీసా వచ్చింది. అందులోనూ ఉండేది సుమారు వంద గ్రాములే. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్ల పరిశోధనలో, మామూలు యూరియా మోతాదుతో పోలిస్తే నానో వాడిన చోట వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం తగ్గింది. ఇఫ్కో ఈ ఫలితాలతో ఏకీభవించలేదు. అలాంటప్పుడు మన నేలలో, మన వరిలో, పత్తిలో చేసిన పరీక్ష ఫలితం రైతు చేతికి రావాలి కదా?

సాంకేతికత గొప్పదైనా నడిపే మనిషి లేకపోతే ఏమవుతుందో నల్లగొండకు బాగా తెలుసు. నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధనా సంస్థ (నీరి) రూపొందించిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చడమే ‘నల్లగొండ టెక్నిక్’. టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. కానీ నీరు మారితే పటిక మోతాదు మారాలి, అడుగున చేరిన మడ్డిని రోజూ తీయాలి, నీటిలో అల్యూమినియం మిగలకుండా చూడాలి. ఊరికొక మనిషిని పెట్టి, జీతమిచ్చి, నేర్పించే ఏర్పాటు లేనిచోట ఇది నిలబడదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ వల్ల వంకరపోయిన కాళ్లతో బతికినవాళ్లకు చివరికి కావాల్సింది కృష్ణా నీళ్లే అయింది.

ధర విషయంలోనూ మనకు అనుభవం ఉంది. 2002లో అనుమతి పొందిన, పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తి విత్తనం ప్యాకెట్ ఇక్కడ 1,600 రూపాయలు దాటింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు ఎక్కి కొట్లాడాక 2006లో 750కి దిగింది. అంటే ప్రభుత్వం తలుచుకుంటే కంపెనీని నిలదీయగలదు. ఇప్పుడు పొలంలో పిచికారీ చేసే డ్రోన్ల వంతు. మహిళా సంఘాలకు డ్రోన్ ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సాయమిచ్చే కేంద్ర పథకం మంచిదే. మందు కొట్టే కూలీకి దక్కే పనిదినాల సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

చేయాల్సింది కష్టమేం కాదు. కంపాసాగర్, పాలెం వ్యవసాయ పరిశోధనా కేంద్రాల్లో వరుసగా రెండు వానాకాలాలు, రెండు యాసంగులు నానో ఎరువులను పరీక్షించి, దిగుబడి తగ్గినా పెరిగినా ఫలితాన్ని ప్రతి రైతువేదిక గోడ మీద రాయాలి. రాష్ట్రంలో 2,601 రైతువేదికలు ఉన్నాయి, వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈవోలు) ఉన్నారు. లింకు పెట్టిన డీలర్ లైసెన్సు ఆపాలి. సీసాను నమ్మి బస్తా తగ్గించుకున్న రైతుకు పంట దెబ్బతింటే పరిహారం ఎవరిస్తారో అమ్మకానికి ముందే రాతపూర్వకంగా ఉండాలి.

ఇందులో కౌలు రైతును మొదట లెక్కలోకి తీసుకోవాలి. ఎరువు కొనేది ఆయన, బిల్లు వచ్చేది భూమి యజమాని పాస్‌బుక్కు మీద. పంట పోతే చూపించడానికి ఆయన పేరుతో ఒక్క కాగితమైనా ఉండదు. అందుకే కొన్నవారి పేరుతో బిల్లు ఇచ్చే పద్ధతిని వచ్చే వానాకాలం లోపే మొదలుపెట్టాలి.