దేవుని చిత్తమంటే నోరు మూసుకోవడం కాదు

అన్యాయానికి గురైన విశ్వాసికి మన సంఘాల్లో మొట్టమొదట వినిపించే మాట "అంతా దేవుని చిత్తం, ఓర్చుకోండి" అన్నది. చెప్పేవారిలో చాలామంది ప్రేమతోనే చెబుతారు. అయినా, దెబ్బ తిన్నవారి పక్షాన నిలబడవలసిన బాధ్యతను తప్పించుకోవడానికి ఈ మాటను అడ్డం పెట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను కాబట్టి ఇది రాయక తప్పడం లేదు. దేవుని చిత్తాన్ని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అందుకే, మనుషులు చేసిన దుర్మార్గాన్ని తీసుకెళ్లి ఆయన మీద మోపడాన్ని భరించలేకపోతున్నాను.

మా సంఘంలోని ఒక సహోదరి ప్రైవేటు ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద ఆయాగా పనిచేసేవారు. ఒక రోగి గొలుసు కనిపించకపోతే, ఏ విచారణా లేకుండా ఆ దొంగతనం ఆమె మీద వేసి, రావలసిన జీతం కూడా ఇవ్వకుండా పంపించేశారు. ప్రార్థన కూడికలో ఆమె ఏడుస్తూ ఈ సంగతి చెబితే, సంఘ పెద్ద ఒకరు "యోసేపు కూడా నింద మోశాడు కదమ్మా, దేవుడే చూసుకుంటాడు, నువ్వు ఎవరితోనూ గొడవ పెట్టుకోకు" అన్నారు. డ్యూటీ చీటీలు, పీఎఫ్ కాగితం ఆమె బైబిలు మధ్యలోనే మడతపెట్టి ఉన్నాయి. వాటిని ఎవరైనా చూస్తారని ఆమె తెచ్చుకున్నారు, ఒక్కరూ అడగలేదు.

యోసేపు నింద మోసిన మాట నిజమే, కానీ నోరు మూసుకుని మోయలేదు. చెరసాల నుంచి విడుదల కాబోతున్న పానదాయకుల అధిపతితో, తాను ఏ నేరమూ చేయలేదని, ఫరో దగ్గర తన సంగతి చెప్పి బయటికి రప్పించమని అడిగినట్టు ఆదికాండము 40వ అధ్యాయంలో స్పష్టంగా ఉంది. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్న ప్రభువే, ప్రధానయాజకుని ఎదుట ఒక బంట్రోతు తనను కొట్టినప్పుడు, నేను తప్పు మాట్లాడితే అదేమిటో చూపించు, లేకపోతే ఎందుకు కొడుతున్నావని నిలదీశాడు. ఫిలిప్పీలో విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి, మర్నాడు రహస్యంగా పంపించేయాలని చూసిన అధికారులతో, రోమా పౌరులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టించారు కాబట్టి మీరే వచ్చి వెలుపలికి తీసుకెళ్లండని పౌలు పట్టుబట్టాడు. ఆ పౌలే తరువాత కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. పగ తీర్చుకోవద్దు, దేవుని ఉగ్రతకు చోటివ్వండి అని రోమా సంఘానికి రాసింది కూడా ఆయనే. పగను ప్రభువుకు అప్పగించినంత మాత్రాన సత్యాన్ని కూడా వదిలేయమని ఆయన ఎక్కడా చెప్పలేదు.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, కుష్ఠురోగుల మధ్య ఏళ్ల తరబడి సేవ చేసిన ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, నిద్రపోతున్న ఇద్దరు కొడుకులతో సహా వాహనంలోనే సజీవదహనం చేశారు. పిల్లల్లో ఒకడికి పదేళ్లు, ఇంకొకడికి ఆరేళ్లు. ఆ హంతకులను క్షమించానని భార్య గ్లాడిస్ లోకమంతటి ముందు చెప్పి, వెంటనే దేశం విడిచి వెళ్లకుండా బారిపదాలోనే ఉండి ఆ సేవ కొనసాగించారు. ఆ క్షమాపణతో కేసు ఆగిపోలేదు, ఆ హత్యల్లో ప్రధాన దోషి దారా సింగ్‌కు పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమను ప్రతి క్రిస్మస్‌కీ ప్రసంగాల్లో చెప్పుకునే మనం, కోర్టు తన పని చేయడం ఆ క్షమకు విరుద్ధం కాదన్న సంగతిని మాత్రం చెప్పుకోము.

అన్ని తలుపులూ తట్టినా న్యాయం దొరకకపోతే? ఈ ప్రశ్న దగ్గరే నా విశ్వాసానికి అసలు పరీక్ష. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. భర్తలనూ కొడుకులనూ పోగొట్టుకున్న ఆ తల్లులకు "దేవుని చిత్తం" అని చెప్పే ధైర్యం నాకు లేదు. అక్కడ నేను నమ్మగలిగేది ఒక్కటే: మనుషుల తీర్పు చివరి తీర్పు కాదు, చిందిన ఆ రక్తం దేవునికి లెక్కలోనే ఉంది. హేబెలు రక్తం నేలలో నుంచి మొరపెట్టినప్పుడు కయీనును లెక్క అడిగిన దేవుడే ఈయన. ఈ నమ్మకమే లేకపోతే నేను ద్వేషంతో కుళ్లిపోయేవాణ్ణి.

అందుకే పాస్టరు గార్లకూ సంఘ పెద్దలకూ నా మనవి. అలాంటి సహోదరి వచ్చి ఏడ్చినప్పుడు ఆమె కోసం తప్పకుండా ప్రార్థన చేయండి, ఆ తరువాత ఆమె దగ్గరున్న కాగితాలు అడిగి చూడండి. లేబర్ ఆఫీసుకు అర్జీ రాయగలిగినవారు ప్రతి సంఘంలోనూ ఒకరైనా ఉంటారు, వాళ్లను తోడు పంపండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందన్న విషయం ప్రకటనల సమయంలో ఒక్క నిమిషం చెప్పండి. విసుగు లేకుండా ప్రార్థించడం ఎలాగో నేర్పడానికి ప్రభువు చూపించింది, దేవునికి భయపడని న్యాయాధిపతి దగ్గరికి "నాకు న్యాయం చేయండి" అంటూ మళ్లీ మళ్లీ వెళ్లిన ఒక విధవరాలినే.