సముద్రం మాది, మణుగూరు మీది

చిన్న కేంద్రకాలను కలిపి శక్తిని రాబట్టే కేంద్రక సంలీనం (ఫ్యూజన్) విషయంలో శాస్త్రజ్ఞులకు దక్కుతున్న గౌరవం కాస్త ఎక్కువేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇంతకీ వాళ్లు చేస్తున్నదేమిటి? హైడ్రోజన్‌లోని బరువైన రకాలైన డ్యుటీరియం, ట్రిటియం కలిపి 15 కోట్ల డిగ్రీలకు వేడిచేసి, అలా ఏర్పడే ప్లాస్మా అనే విద్యుదావేశ వాయువు గోడకు తగలకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచడం. కష్టమైన పనే, కాదనము. కాని దాని నుంచి రాబోయే కరెంటు ఎవరికి చెందాలి, ఎవరి ఎకరం ధర పెరగాలి, ఎవరి కొంప మునగాలి అన్న అసలు భారాన్నంతా బెంగళూరు మారతహళ్లి అపార్ట్‌మెంట్ల డాబాల మీద, ఆదివారం భోజనాలయ్యాక, పైసా జీతం లేకుండా మోస్తున్నది మన తెలుగువాళ్లు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని వీళ్లను వెక్కిరించేవాళ్లు ఉన్నారు. వాళ్లకు చరిత్ర తెలియదు. అణుశక్తి శాంతియుత ఉపయోగాల మీద 1955లో జెనీవాలో జరిగిన సదస్సుకు అధ్యక్షత వహించిన హోమీ భాభా, సంలీన శక్తిని అదుపులో పెట్టి వాడుకునే మార్గం రెండు దశాబ్దాల్లో దొరుకుతుందన్నారు. ఫ్రాన్స్‌లోని కదరాష్‌లో మన దేశంతో సహా ఏడు పక్షాలు కలిసి కడుతున్న ఐటర్ అనే ప్రయోగాత్మక సంలీన యంత్రంలో మొదటి ప్లాస్మా 2016కు వస్తుందన్నారు, తర్వాత 2025 అన్నారు, 2024లో లెక్కలు సవరించుకుని 2034కు ప్రయోగాలు మొదలవుతాయనీ డ్యుటీరియం-ట్రిటియం దశ 2039కనీ తేల్చారు. ఇంతా చేసి అది ప్రయోగశాలే తప్ప కరెంటు ఇచ్చే కేంద్రం కాదు. పంపకాల తగవు తెగడానికి ఇంతకన్నా అనువైన వ్యవధి ఇంకెక్కడ దొరుకుతుంది?

మా డాబా గోష్ఠికి పెద్దదిక్కు, విద్యుత్ శాఖలో ఇంజనీరుగా పదవీ విరమణ చేసి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న ఒక పెద్దాయన. మొన్న ఆయన అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బిల్లును బోర్లా తిప్పి ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే టోకమాక్ యంత్రం బొమ్మ వేశారు. కాగితం పలచన కావడంతో, 'డీజిల్ జనరేటర్ వాటా' అన్న వరుస సరిగ్గా ప్లాస్మా ఉండవలసిన చోట తిరగబడి కనిపించింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, అది వేరే మీటింగు విషయం.

"గురువుగారూ, 2022 డిసెంబరు 5న కాలిఫోర్నియాలో లేజర్లతో చేసిన సంలీన ప్రయోగంలో పెట్టినదానికన్నా ఎక్కువే వచ్చింది కదండీ?" అన్నాడు సాఫ్ట్‌వేర్ కుర్రవాడు.

"వచ్చింది నాయనా. లేజర్లు 2.05 మెగాజౌళ్లు వేస్తే 3.15 వచ్చాయి. అంటే మన మీటరులో ఒక యూనిట్ కూడా పూర్తిగా తిరగదు. మరి ఆ లేజర్లను వెలిగించడానికి గ్రిడ్ నుంచి లాగింది దాదాపు 300 మెగాజౌళ్లు, 83 యూనిట్లు. ఆ బిల్లెవరు కట్టారో కనుక్కున్నావా?"

కుర్రవాడు బెదరలేదు. లేజర్ పాతబడిందన్నాడు. ఆ మాటకొస్తే సూర్యుడే దండగమారి యంత్రమన్నాడు. సూర్యగర్భం నడిబొడ్డున కూడా ఘనమీటరుకు 300 వాట్ల శక్తి పుట్టదు, మనింట్లో చట్నీ రుబ్బే మిక్సీ 750 వాట్లది. ఈ లెక్క నిజమే. సూర్యుడు తన భారీకాయంతో నెట్టుకొస్తున్నాడు తప్ప పనితనంతో కాదని సభ ఏకగ్రీవంగా తీర్మానించి, డాబా మీద సౌరఫలకాలు పెట్టించుకుందామన్న పాత ప్రతిపాదనను ఆ కారణంగానే తోసిపుచ్చింది.

అసలు రసపట్టు ఇంధనం దగ్గర వచ్చింది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 33 మిల్లీగ్రాముల డ్యుటీరియం ఉంటుంది. ఆ మాట పూర్తికాకముందే కాకినాడ నుంచి వచ్చినాయన, తీరమంతా మాదే గనుక ఇంధనమూ మాదేనన్నారు. ఖమ్మం వైపాయన నవ్వి, నీళ్లుంటే సరిపోదండీ, వాటి నుంచి భారజలం, అంటే డ్యుటీరియం ఉన్న నీరు, తీసే కర్మాగారం మణుగూరులో మా దగ్గరుందన్నారు. అది గోదావరి నీళ్లతో నడుస్తుందన్న సంగతి ఎవరో గుర్తుచేశారు. అంతే, కాకినాడ ఆయన లేచి నిలబడ్డారు: "అంటే ఎగువవాళ్లు డ్యుటీరియం పిండుకుని, మిగిలిన చప్పటి నీళ్లు మాకు వదులుతున్నారన్నమాట!" భారజలానికి పోయేది గోదావరిలో లెక్కకు రానంత స్వల్పమని పెద్దాయన చెప్పబోయారు గాని, నదీజలాల తగవులో అంకెలు చెప్పినవాణ్ని ఇరుపక్షాలూ అనుమానిస్తాయి. కృష్ణా పంపకానికి బచావత్ ట్రిబ్యునల్ వేసింది 1969లో. ఆ పంచాయితీ ఇప్పటికీ నడుస్తోందంటే కారణం ఆలస్యంగా మొదలుపెట్టడమేనని, డ్యుటీరియం విషయంలో ఆ పొరపాటు జరగకూడదని ఒప్పుకోవడంలో మాత్రం రెండు రాష్ట్రాలూ ఒక్కటయ్యాయి. కింది ఫ్లాటు కన్నడిగుడు, బట్టలు తీసుకోవడానికి పైకి వచ్చినవాడు, "సార్, మంగళూరులోనూ సముద్రం ఉంది" అని వెళ్లిపోయాడు. ఇక త్రైపాక్షికం.

కడప ఆయన బాధ వేరు. "మాకు సముద్రమా ఇవ్వలేదు, గోదావరా ఇవ్వలేదు. దేవుడు తుమ్మలపల్లెలో కాస్త యురేనియం పెడితే, సంలీనం తెచ్చి దాన్నీ పనికిరాకుండా చేస్తారా?" దీనికి సమాధానం ఎవరి దగ్గరా లేదు. నష్టపరిహారం ఇప్పించాలని రాసుకున్నారు.

స్థలాల వ్యాపారం చేసే బాబాయి ఒక్క ప్రశ్నే వేశారు: కేంద్రం ఏ ఊళ్లో పెడతారు? ఈ చర్యలో పుట్టే శక్తిలో 80 శాతం న్యూట్రాన్ల రూపంలో వస్తుందనీ, అవి లోపలి గోడను కాలక్రమంలో పాడుచేస్తాయనీ, ఆ దెబ్బకు తట్టుకునే గోడ కోసం ఇంకా వెతుకుతున్నారనీ కుర్రవాడు వివరిస్తే, ఆయన శ్రద్ధగా విని, కాంపౌండు గోడకు బయట సెంటు ఎంత పలుకుతుందని అడిగారు.

ఇంతలో కరెంటు పోయింది. అడుగున జనరేటర్ అందుకుంది. డీజిల్ వాసన డాబా దాకా వచ్చింది. ఎవరూ మాట ఆపలేదు. ఉచిత విద్యుత్తు వచ్చాక కూడా స్తంభాలకు, తీగలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు, బ్యాంకు వడ్డీకి డబ్బు కట్టక తప్పదని పెద్దాయన అంటే, ఇలాంటి నిరాశావాదం వల్లే దేశం వెనకబడిందని మిగతావాళ్లు అన్నారు.

చివరగా ట్రిటియం మీద ప్రతిష్టంభన ఏర్పడింది. అది ప్రకృతిలో దాదాపు దొరకదు, భారజల రియాక్టర్ల నుంచి తీసుకోవాలి, లేదా లిథియం నుంచి పుట్టించుకోవాలి. పైగా 12.3 ఏళ్లు తిరిగేసరికి ఉన్నదాంట్లో సగం హరించుకుపోతుంది. పంపకం తేలేలోపు వాటా ఇలా కరిగిపోయే ఆస్తిని ఏ ట్రిబ్యునలూ ఇంతవరకు చూడలేదు. కాబట్టి మా వైపు వాదనలు సిద్ధమయ్యేదాకా 2039 కన్నా ముందే మొదలుపెట్టవద్దని, వీలైతే ఇంకా ఆలస్యం చేయమని, కదరాష్‌కు ఉత్తరం రాయాలని నిర్ణయించారు. సంతకం ఏ రాష్ట్రం వాళ్లు ముందు పెట్టాలన్నది వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.